ఏనుగుచెవి బరువు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఏమిటో ముందే చెప్పేస్తాను. నేను ఇంట్లో లేని గంటలో నా కూతురు ఎవరి చేతుల్లో ఉందో నాకు తెలియకపోవడం. కత్తులంటే నాకు భయం లేదు. పెళ్ళయిన ఆర్నెల్లకే మామగారు నా చేతికి ఆకురాయి ఇచ్చి పిడులు నున్న చెయ్యడం నేర్పారు. రెండేసి కిలోల మాంసం కత్తుల్ని ఒళ్ళో పెట్టుకుని పని చేసుకుంటాను. కానీ మూడేళ్ళ పిల్ల అయిదు నిమిషాలు కంటికి కనబడకపోతే నా చేతిలో సూది కూడా నిలవదు.

ఆ గురువారం పొద్దున్న మాత్రం నాకా భయం లేదు. నేను చేసిన తప్పు అదే.

పదింటికి బయలుదేరుతుంటే పిల్ల చిన్నమామయ్య భుజాలెక్కి, ఆయన చెవులు రెండూ పట్టుకుని కూర్చుంది. చిన్నమామయ్య అంటే మామగారి తమ్ముడు. మామగారు పోయిన ఈ రెండేళ్ళుగా, ఇంట్లోనే ఉన్న మా కత్తుల కొట్లో సాన పట్టేది ఆయనే. పెళ్ళీ పెటాకులూ లేవు. పెరట్లో ఒక గది, ఆ గదిలో ఒక మంచం, అంతే ఆయన సంసారం. గొంతెత్తి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"నిశ్చింతగా వెళ్ళిరా తల్లీ. దీన్ని నేను చూసుకుంటాగా" అన్నాడు.

"నేను తాత పాపతో ఆడుకుంటా" అంది పిల్ల.

"ఏ పాపే?"

"తాత గదిలో ఉంది. గుడ్డలో బజ్జుంది. దానికి కాళ్ళు లేవు. తాత చేస్తున్నాడు."

చిన్నమామయ్య నవ్వాడు. "కొయ్యబొమ్మ తల్లీ. అరకొరగా ఉండగానే చూసేసింది దొంగపిల్ల."

పిల్ల నాకు టాటా చెప్పింది. ఆ కుడిచేతికి, అరచేతి చుట్టూ, తెల్లదారం ఒకటి ముడివేసి ఉంది. బుధవారం అలాంటిదే ఒకటి నేను తెంపి పారేశాను. ఆటలో కట్టుకుందనుకున్నాను. వసారాలో అత్తగారు బియ్యం ఏరుతున్నారు. ఆవిడకి రెండు చెవులూ వినపడవు. చేత్తో సైగ చేసి వీధిలోకి వచ్చేశాను.

నా మనసంతా లాకప్పులో ఉంది. మా ఆయన్ని బుధవారం పొద్దున్న తొమ్మిదింటికి తీసుకెళ్ళారు. గురువారం మధ్యాహ్నం రెండింటికి కోర్టులో పెడతామన్నారు. పెట్టాక ఎప్పుడు బయటికొస్తాడో, అసలొస్తాడో రాడో ఎవరూ చెప్పలేదు. నా చేతిలో ఉన్నది నాలుగు గంటలు.

జరిగింది ఇది. మాంసం కొట్టు పెద్దాయన శనివారం తన కత్తిని పిడి మార్చమని మా కొట్లో ఇచ్చాడు. దాన్ని అందరూ ఏనుగుచెవి అంటారు. వెడల్పు జానెడు, వీపు మందం బొటనవేలంత. మా ఆయన తాతగారు కొలిమిలో కాల్చి సుత్తెతో సాగగొట్టి చేసిన కత్తుల్లో మిగిలింది అదొక్కటే. అది మా కొట్టుకొచ్చిన ప్రతిసారీ ఇంటికి పెద్ద చుట్టం వచ్చినట్టుండేది. ఆదివారం నేనే కొత్త పిడి వేశాను. మంగళవారం సాయంత్రం మా ఆయన దాన్ని గోనెగుడ్డలో చుట్టి తీసుకెళ్ళి, ఆరింటికి పెద్దాయన చేతికిచ్చాడు. ఆరున్నరకి ఇల్లు చేరి, బొగ్గులు కొనాలని మళ్ళీ వెళ్ళి, ఎనిమిదింటికి వచ్చాడు. బొగ్గుల అడితి మూసి ఉందట. అంటే ఆయన్ని చూసినవాళ్ళు లేరు. బుధవారం తెల్లవారి అయిదింటికి పెద్దాయన ఇల్లాలు కొట్టు తలుపు తోస్తే, ఆయన మొద్దు పక్కన ప్రాణం లేకుండా పడి ఉన్నాడు. కత్తి మొద్దు మీద ఉంది. కడిగి ఉంది.

పిడి గుర్తుపట్టమని నన్ను పిలిపించి, మాంసం కొట్లో ఎస్సై కాచుకుని ఉన్నాడు. మా వీధిలో ఆయన్ని ఇస్త్రీ సారంటారు. ఆ చొక్కా మడత తగిలితే వేలు తెగుతుందని అత్తగారి వేళాకోళం. పక్కన హెడ్డు కానిస్టేబులు, తలంతా నెరిసిన మనిషి, కాగితాల అట్ట పట్టుకుని నిలబడ్డాడు.

"రా అమ్మాయ్. పిడి మీదేనా?"

కత్తి బల్ల మీద కాగితం పరిచి పెట్టారు. తుమ్మచెక్క పిడి, మెడ దగ్గర ఇత్తడి పొన్ను, అడుగున మా కొట్టు గుర్తు మూడు చుక్కలు.

"మాదే సార్. నేనే చేశాను."

"మంచిది. ఇక్కడ సంతకం పెట్టు. 'ఈ కత్తి మా కొట్లో పిడి వేసి ఇచ్చినదే' అని రాసి ఉంది."

"పిడి మాది అన్నాను. కత్తి సంగతి ఇంకా చెప్పలేదు."

ఎస్సై హెడ్డు వైపు చూసి నవ్వాడు. "విన్నారా? తల మాదే, మొండెం ఎవరిదో తెలియదు అంటోంది."

"ఒక్క పది నిమిషాలు చూడనివ్వండి. చూశాక ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను."

ఆయనకి నా సంతకం కావాలి. అందుకని చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నాడు.

నేను ముందు కత్తి జోలికి పోలేదు. మొద్దు దగ్గరికి వెళ్ళాను. నడుమెత్తు చెక్కమొద్దు, మధ్యలో నలభై ఏళ్ళ దెబ్బలకి పళ్ళెంలా గుంటపడింది. నేల కడిగేశారు గానీ పగుళ్ళలో నలుపు అలాగే ఉంది. ఈగలు కూడా లేవు. పెద్దాయన అంగీ ఇంకా మేకుకి వేలాడుతోంది. ఫ్యాను లేని గదిలో దాని చెయ్యి ఒకటి నెమ్మదిగా కదులుతుంటే అటు చూడటం మానేశాను.

మొద్దు అంచున పక్కపక్కనే కొత్త గాట్లు మూడు ఉన్నాయి. వేలు పెట్టాను. గోరు మునగలేదు. ఏనుగుచెవి ఊరికే జారవిడిచినా బియ్యపుగింజ పొడుగున దిగుతుంది.

తర్వాత కత్తి మీదకి వంగి వాసన చూశాను.

"అదేంటి, కుక్కలా?" అన్నాడు ఎస్సై.

"నూనె రాసి ఉంది సార్."

"అయితే?"

"మనిషిని చంపాక ఎవరైనా పారిపోతారు. వీడు కత్తిని కడిగాడు, తుడిచాడు, తుప్పు పట్టకుండా నూనె రాశాడు. కత్తిని తడిగా వదిలేస్తే నిద్రపట్టని మనిషి. మా ఆయన తాగిన గ్లాసు కూడా కడగడు. కావాలంటే లాకప్పులో చూడండి, పొద్దుటి గ్లాసు అలాగే ఉంటుంది."

హెడ్డు గొంతు సవరించుకున్నాడు. అది నవ్వేనని నాకు తెలిసింది. ఎస్సైకీ తెలిసింది.

"నీ మొగుడి ఇంటిపని గురించి కోర్టులో చెప్పుకో. వాడు ఇక్కడికి వచ్చాడు, పెద్దాయన కత్తి గురించి అరిచాడు, ఆ అరుపు ఎదురింటి కుట్టుపనామె విన్నది. రాసిచ్చింది."

"ఆవిడ ఏమని విన్నదో నేను అడగొచ్చా?"

"అడుక్కో. మిగతా తొమ్మిది నిమిషాలూ అదే పని చెయ్యి."

కుట్టుపనామె వాకిలి సరిగ్గా ఎదురు. మిషను మీద జాకెట్టు కుడుతోంది. ఎస్సై నా వెనకే వచ్చేసరికి సూది ఆపేసింది.

"అక్కా, పెద్దాయన ఏమని అరిచాడు?"

"నన్ను పూర్తిగా ఎవరు అడిగారమ్మా? ఏం విన్నావంటే 'కత్తి, కత్తి' అన్నాడన్నాను. రాసుకుని వెళ్ళిపోయారు."

"ఇప్పుడు పూర్తిగా చెప్పు."

"'ఇది నా కత్తి కాదు' అన్నాడు. ఆగాడు. 'నలభై ఏళ్ళు పట్టుకున్నవాణ్ణి, నాకు తెలియదా' అన్నాడు. మళ్ళీ ఆగాడు. చివర్న, 'అయితే వచ్చి నీ కళ్ళతో చూసుకో' అన్నాడు."

"అవతలి మనిషి మాట?"

"వినపడలేదు. గాలితో పోట్లాడినట్టుంది."

"ఎన్నింటికి?"

"ఆరున్నరకి రేడియోలో వార్తలు మొదలవుతాయి. పది నిమిషాలు. అవి అయిపోయిన వెంటనే."

"మా ఆయన అప్పటికి?"

"వెళ్ళిపోయి చాలాసేపయింది. నాకు చెయ్యూపి మరీ వెళ్ళాడు."

ఎస్సై ముఖం చూడాలనిపించింది గానీ చూడలేదు. "అంతకు ముందేమైనా విన్నావా?"

"మూడు దెబ్బలు. సాన పట్టించినా పిడి మార్పించినా, కత్తి ఇంటికి రాగానే ఉత్త మొద్దు మీద మూడు కొట్టి చూస్తాడు. నాకు అలవాటే, సూది కూడా ఆపను. ఆ రోజు ఆపాను."

"ఎందుకని?"

"చప్పుడు వేరుగా ఉంది. ఏనుగుచెవి పడితే నా మిషను కాళ్ళ కింద నేల దబ్బుమనేది. ఆ రోజు గిన్నె మూత జారిపడ్డట్టు టంగుమంది."

"తర్వాత?"

ఆవిడ ఎస్సై వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "ఏడున్నరకి ఇంకో దెబ్బ. ఒక్కటే. రెండోది పడుతుందేమో అని చూశాను. పడలేదు. ఆ తర్వాత నీళ్ళు పోస్తున్న చప్పుడు, చాలాసేపు. ఇంకొకటి కూడా ఉంది, ఇది మాత్రం రాసుకోకండి సార్, నాకు మతి చెడిందంటారు. ఆ నీళ్ళ మధ్య ఎవరో సన్నగా పాడుతున్నట్టు అనిపించింది. పిల్లల్ని జోకొట్టేటప్పుడు పాడతారే, అలా."

ఎండ నెత్తిన ఉంది. అయినా కొంగు భుజాల చుట్టూ కప్పుకున్నాను.

"ఆయన పోట్లాడింది గాలితో కాదు, ఫోన్‌లో" అన్నాను రోడ్డు దాటుతూ. "పెద్దాయన ఫోన్ మీ దగ్గరే ఉంది కదా. ఆరూ నలభైకి ఎవరికి చేశాడో చూడండి."

హెడ్డు అట్టలోని కాగితం తిరగేశాడు. వేలు ఒక చోట ఆగింది. "ఆరూ నలభై ఒకటి. రెండు నిమిషాలు. అమ్మా, ఈ నంబరు మీ కొట్టుదే."

ఎస్సై చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "భలే అమ్మాయ్. నాకు లేని ముడి నువ్వే వేసిపెట్టావు. పెద్దాయన మీ ఇంటికి ఫోన్ చేశాడు. మీ ఆయన ఎత్తాడు. తిట్లు తిన్నాడు. బొగ్గులని నీకు చెప్పి ఇక్కడికొచ్చాడు."

"ఆయన ఆరున్నరకే మళ్ళీ బయటికి వెళ్ళాడు."

"నువ్వంటున్నావు. మరి ఫోన్ ఎత్తిందెవరు? నువ్వా?"

"నేను పిల్లకి స్నానం చేయిస్తున్నాను."

"మీ అత్తగారా?"

"ఆవిడకి వినపడదు."

"మరి పిల్లి ఎత్తిందా?"

తవ్వుకుంటూ పోయి నా మొగుడి కాళ్ళ కిందే గొయ్యి తీశాను. గోడ గడియారం పదకొండూ పది చూపిస్తోంది. ఎస్సై కలం టోపీ తీసి నా చేతిలో పెట్టాడు. "ఇక పెట్టు."

కలం పట్టుకున్నాను. అప్పుడు నా కన్ను బల్ల చివర కాటా మీద పడింది.

"కత్తిని తూచండి."

"ఏంటీ?"

"మా కొట్టుకి కత్తి రాగానే పాత పిడి ఊడదీసి తూస్తాం. బరువు తెలియకపోతే పిడి ఎంత పొడుగుండాలో తేలదు. ఏనుగుచెవి ఉత్త కత్తి రెండు కిలోల నూరు గ్రాములు. నేనే సుద్దతో గోడ మీద రాశాను, వెళ్ళి చూసుకోండి. కొత్త పిడీ, పొన్నూ, లక్కా కలిపి మూడువందల యాభై. మొత్తం రెండు కిలోల నాలుగువందల యాభై ఉండాలి. తూచండి, తక్కువుంటే సంతకం మీకు రాదు."

"మాంసం కొట్టు కాటాలో తూకం తగ్గడం ఇవాళే మొదలా?" అన్నాడు ఎస్సై.

హెడ్డు కిలో రాళ్ళు రెండు కాటా మీద పెట్టి చూశాడు. ముల్లు సరిగ్గా రెండు దగ్గర నిలిచింది. రాళ్ళు తీసి కత్తిని పెట్టాడు. ముల్లు రెండు దాకా కూడా రాలేదు.

"ఒకటీ తొమ్మిదివందలు" అన్నాడు.

అరకిలో పైన ఇనుము ఎక్కడికి పోతుంది?

"పిడి నాదే సార్. కత్తి ఏనుగుచెవి కాదు. కార్ఖానా రేకు కోసి, అదే ఆకారానికి సాన పట్టారు. అందుకే టంగుమంది, అందుకే గాటు దిగలేదు. పెద్దాయన మూడు దెబ్బలకే పట్టేశాడు. ఎవరో నా పిడిని ఏనుగుచెవి నుంచి ఊడదీసి దీనికి తొడిగారు. చూసేవాళ్ళంతా పిడినీ, పిడి మీద గుర్తునీ చూస్తారు. ఇనుము ఎవరు చూస్తారు?"

"కథ బాగుంది. పిడి తీసి పెట్టడమంటే సీసా మూత తీసినట్టా?"

"కాదు. పిడిలో దూరే ఇనుప తోక కాల్చాలి, లక్క కరిగించి పొయ్యాలి, ఆరాలి. కొలిమి ఉండాలి. రెండు మూడు గంటల పని. ఇదిగో, ఇక్కడ చూడండి."

పొన్ను అంచున, లక్కలోంచి, వెంట్రుకంత నూలుపోగు ఒకటి బయటికి వచ్చి ఉంది. పసుప్పచ్చది.

"నేను గుడ్డ పెట్టలేదు. ఏనుగుచెవి తోక లావు, పిడిలో బిగుతుగా కూర్చుంది. ఈ రేకు తోక సన్నం. వదులవుతుందని గుడ్డ చుట్టి దూర్చారు. ఊడదియ్యనివ్వండి."

"సాక్ష్యం అది. చెయ్యి పడితే నిన్నూ లోపలేస్తాను."

"ఫోటోలు, ముద్రలు నిన్ననే అయిపోయాయి సార్" అన్నాడు హెడ్డు నెమ్మదిగా. "తూకం తేడా మనిద్దరి ఎదుటే తేలింది. రేపు పెద్దాయన ఇల్లాలు అడిగితే ఏం చెప్తాం?"

ఎస్సై హెడ్డు వైపు విసురుగా తిరిగేసరికి చొక్కా మడత నలిగింది. "సరే. ఊడదీ. లోపల ఏముంటుంది, దెయ్యమా?"

పొన్నుని మొద్దు అంచుకి ఆనించి, చెక్కసుత్తితో రెండు దెబ్బలు వేశాను. మూడోది అక్కర్లేకపోయింది. లక్క పెంకులు పెంకులుగా రాలింది. పిడి జారి నా చేతిలోకి వచ్చింది. తోక చుట్టూ గుడ్డ బిగించి చుట్టి ఉంది. గోరుతో కొస పట్టి విప్పాను. ఒక చుట్టు. రెండు. మూడో చుట్టులో తెల్లబాతు బొమ్మ కనబడింది. పక్కన ఇంకో బాతు. ఆ బాతు మెడ మీద ఆకుపచ్చదారంతో వేసిన కుట్టు.

పసుపుదారం అయిపోతే ఆకుపచ్చదారంతో ఆ కుట్టు వేసింది నేను. అది నా కూతురి ఫ్రాకు. సోమవారం దండెం మీద నుంచి పోయింది. గాలికి పోయిందనుకున్నాను.

మా కొట్లో ఒక అలవాటు ఉంది. తోకకి గుడ్డ చుట్టాల్సి వస్తే కొత్తది వాడరు. గంజి ఉన్న గుడ్డ లక్కని పీల్చుకోదు. ఉతికి ఉతికి వెన్నలా అయిన నూలుగుడ్డే కావాలి. ఇంట్లో పసిపిల్ల ఉంటే దాని బట్టలే అన్నిటికన్నా మెత్తన. మామగారు నాకు చెప్పిన మాట ఇది. మామగారికి వాళ్ళ నాన్న చెప్పారు. వాళ్ళ నాన్న చెప్పింది కొడుకులిద్దరికీ.

సోమవారం రెండింటి నుంచి అయిదింటి దాకా నేను పిల్లకి సూదిమందు వేయించడానికి ఆసుపత్రిలో ఉన్నాను. మా ఆయన ఊరి అవతల పనిలో ఉన్నాడు. ఇంట్లో వినపడని అత్తగారు. కొలిమి దగ్గర చిన్నమామయ్య. ఏనుగుచెవి కొట్టుకి రాకముందు నుంచే, పది పన్నెండు రోజులుగా పెరట్లో సాన తిరుగుతూనే ఉంది. ఏం సాన పడుతున్నావు మామయ్యా అని ఒక్కరోజు కూడా అడగలేదు. మంగళవారం ఆరూ యాభైకి పిల్లని తువ్వాల్లో చుట్టుకుని బయటికి వస్తే, ఆయన గేటు దగ్గర చెప్పులేసుకుంటున్నాడు. "ఎక్కడికి మామయ్యా?" అంటే, "ఇప్పుడే వస్తా తల్లీ" అన్నాడు. నేను ఇంట్లో మనుషుల్ని లెక్కపెట్టినప్పుడు పెరటి గదిని లెక్కలో వెయ్యలేదు.

గుడ్డలో బజ్జుంది. దానికి కాళ్ళు లేవు. తాత చేస్తున్నాడు.

అది కొయ్యబొమ్మ కాదు. పిడి లేని ఏనుగుచెవి.

ఇంకొకటి కూడా తెలిసొచ్చింది. మేం పిడి చేసే ముందు చేతి కొలత తీసుకుంటాం. యజమాని అరచేతి చుట్టూ దారం వేసి ముడి పెడతాం. ఆ దారాన్ని పని అయ్యేదాకా ఉంచి, కత్తి చేతికిచ్చేటప్పుడు తెంపేస్తాం. పొద్దున్న పిల్ల చేతికున్నది ఆ కొలత దారమే. తాతగారు ఒక మాట అనేవారట. కత్తి కొన్నవాడిది కాదు, పిడి ఎవరి చేతి కొలతకుంటే వాళ్ళది అని. చిన్నమామయ్యకి ఆ మాట నోటికి వచ్చు. ఇంటి కత్తి ఇంటి చేతికే రావాలనేవాడు, మామూలుగా, మంచినీళ్ళు అడిగినంత నెమ్మదిగా. ఆ ఇంటి ఆఖరి తరం చెయ్యి నా కూతురిది. దానికి మూడేళ్ళు.

నేను తలుపు వైపు పరుగెత్తాను. ఎస్సై అడ్డంగా నిలబడ్డాడు.

"ఎక్కడికి?"

"ఇంటికి. నా పిల్ల వాడి దగ్గర ఉంది. మా చిన్నమామయ్య. వాడే. కత్తి మార్చింది వాడు, ఫోన్ ఎత్తింది వాడు. నన్ను పోనివ్వండి."

"నిదానం. నీ నోటితోనే చెప్పు. ఆ గుడ్డ ఎవరిది?"

"నా కూతురిది."

"మీ ఇంటి పిడి. మీ ఇంటి గుడ్డ. మీ ఇంటి కొలిమి. ఫోన్ మీ ఇంటికి. లాకప్పులో మీ ఇంటాయన. మధ్యలో పాపం ఒక ముసలాయన దొరికాడా నీకు? పద స్టేషనుకి. అంతా రాసిచ్చి కదులు."

"మీ వాళ్ళు ఒకరినైనా పంపండి. ఒక్కరిని. పిల్ల ఉందో లేదో చూసి రమ్మనండి."

"నువ్వు రాయడం అయ్యాక."

ముందు జీపులో చెప్పాను. స్టేషను మెట్లమీద చెప్పాను. బల్ల ముందు కూర్చోబెట్టాక మళ్ళీ చెప్పాను. మా కొట్టు ఫోన్‌కి నాలుగుసార్లు చేయించాను. నాలుగుసార్లూ మోగి మోగి ఆగింది. అత్తగారికి వినపడదు. వినపడే మనిషి ఎత్తడం లేదు.

పన్నెండూ ఇరవైకి ఎస్సై పై అధికారితో మాట్లాడటానికి లోపలి గదిలోకి వెళ్ళాడు. హెడ్డు నా ముందు నాలుగు తెల్లకాగితాలు పెట్టి, సర్దుతున్నట్టు వంగాడు.

"అమ్మా, నేను చెప్పేది విను. నోటిమాట మీద నేను కదలడానికి లేదు. కాగితం మీద ఉంటే అది ఫిర్యాదు. ఫిర్యాదు నా చేతికొస్తే వెళ్ళి చూడక తప్పదు. ఎస్సై గారు కూడా ఆపలేరు. చంపినవాడి కథ తర్వాత రాద్దువుగాని. నీకేం కావాలో అది రాయి. తొందరగా."

కాగితాన్ని ఎడమచేత్తో అదిమి పట్టుకుని రాశాను. అక్షరాలు బడి మానేసిన రోజు ఎలా ఉన్నాయో అలాగే వచ్చాయి.

"ఈ కాగితం ఎవరి చేతికి వచ్చినా, చదవడం అయ్యేదాకా ఆగకండి, నడుస్తూ చదవండి. కొలిమి వీధి చివర, నీలం గేటు, పైన సానరాయి బొమ్మ ఉంటుంది. తలుపు కొడితే మా అత్తగారికి వినపడదు. వసారా కిటికీ ముందు చెయ్యి ఊపండి, ఆవిడ తీస్తారు. ముందుగా ఆయనే వస్తే కంగారుపడకండి. నవ్వుతాడు. కూర్చోమంటాడు. చాలా నెమ్మదిగా మాట్లాడతాడు. ఆ మాటలకి వెనక్కి తిరిగి రావద్దు. పిల్ల ఏదీ అని అడగండి. నిద్రపోతోంది అంటే లేపి తెమ్మనండి. గుడ్డలో చుట్టినదాన్ని చూపించి ఇదే అంటే నమ్మకండి, ముఖం చూడండి. నా కూతురి ఎడమ కనుబొమ్మ మీద చిన్న మచ్చ ఉంటుంది. పెరటి గదిలోకి తప్పకుండా వెళ్ళండి. ముందు దాని కుడిచెయ్యి చూడండి. అరచేతి చుట్టూ తెల్లదారం ఉంటే పిడి ఇంకా పూర్తి కాలేదు. దారం తెంపేసి ఉంటే ఆ కత్తి దాని చేతికి ఇచ్చేసినట్టే, నాకు కబురు చెప్పడానికి ఆగవద్దు. దాన్ని ఎత్తుకుని వీధిలోకి వచ్చెయ్యండి. దయచేసి వెళ్ళి నా పిల్లని ఒకసారి చూసి రండి."